వైపరు ఆగిపోయింది

నా భార్య పుష్పవతి పోయింది శ్రావణమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం. ఆ మధ్యాహ్నం నేను స్కూల్లో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. వాన మొదలైతే కిటికీ రెక్కలు వెయ్యమని పిల్లలకు చెప్పాను. అంతకు మించి ఆ వాన గురించి ఏమీ అనుకోలేదు.

ఆమె తమ్ముడు గోవింద్ ఒక సెకండ్‌హ్యాండు కారు కొన్నాడు. నాతవరం దగ్గర పల్లెలో వాళ్లకు పొలం ఉంది. వ్యవసాయానికి తోడు కారును కిరాయికి తిప్పుకుందామని అతని ఆలోచన. ఆ ఉదయం బలిఘట్టం గుడి దగ్గర కారుకు పూజ చేయించారు. నన్నూ రమ్మన్నారు. స్కూల్లో పరీక్షలున్నాయని వెళ్లలేదు. పూజ అయ్యాక పుష్పవతి తల్లితోనూ తమ్ముడితోనూ పుట్టింటికి భోజనానికి వెళ్లింది. సాయంత్రం ఆమెను నర్సీపట్నంలో మా ఇంటి దగ్గర దించడానికి గోవిందే కారు తీశాడు. ముందు సీట్లో పుష్పవతి, వెనక మా అత్తగారు అప్పలకొండమ్మ. ఊడుపులకు నారు కట్టలు దింపుకోవడానికి రోడ్డు వారగా ఆపిన ట్రాక్టరు తొట్టి ఒకటి దారిలో ఉంది. కారు ఎడమ పక్క దానికి గుద్దుకుంది. పుష్పవతి కూర్చున్నది ఆ పక్కనే.

గోవింద్‌కు ఎడం చెయ్యి విరిగింది. మా అత్తగారికి నుదుటి మీద కుట్లు పడ్డాయి. పుష్పవతి ప్రాణం ఆసుపత్రి దాకా నిలవలేదు.

గోవింద్ పోలీసులకు చెప్పిందీ, చుట్టాలకు చెప్పిందీ, నాకు చెప్పిందీ ఒకటే.

“వాన పెద్దదైపోయింది. వైపరు ఆగిపోయింది. ట్రాక్టరు కనబళ్లేదు.”

మొదటిసారి విన్నప్పుడు నేను దాన్ని గురించి ఆలోచించలేదు. కానీ పదకొండో రోజు వరకు ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లందరూ ఎలా జరిగిందని అడిగేవారు. గోవింద్ చెప్పేవాడు. పక్క గదిలో కూర్చుని నేను వినేవాణ్ణి. అదే వరస, అవే మూడు ముక్కలు. నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చేత జవాబులు చెప్పించుకుంటున్నాను. కళ్లతో చూసింది చెప్పే పిల్లవాడు రెండోసారి చెప్పేటప్పుడు ఏదో ఒకటి మారుస్తాడు. మధ్యలో ఏదో గుర్తొచ్చి వెనక్కి వెళ్తాడు. బట్టీ పట్టినవాడే ఎన్నిసార్లు అడిగినా ఒకేలా చెబుతాడు.

ఇంకొకటి కూడా గమనించాను. గోవింద్ నోట వైపరు అన్న మాట రాగానే మా అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

పదకొండో రోజు భోజనాలయ్యాక గోవింద్ పెరట్లోకి వచ్చాడు. ఎడం చెయ్యి కట్టులో ఉంది కాబట్టి చెయ్యి కడుక్కోవడానికి నేనే నీళ్లు పోశాను. పోస్తూ అడిగాను, వైపరు ఆగిపోయిందా, లేక నువ్వు వెయ్యలేదా అని.

అతను నా మొహంకేసి చూడలేదు. “ఆగిపోయింది బావా,” అన్నాడు.

“వెయ్యగానే ఆగిందా? తిరిగి తిరిగి ఆగిందా?”

“ఆగిపోయింది.”

అంతే. తువ్వాలు కూడా తీసుకోకుండా చెయ్యి లుంగీకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు పోలీసులు కారును వదిలేశారు. గోవింద్ దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. ఊరి చివర మెకానిక్ గంగులు షెడ్డులో పెట్టించి మళ్లీ అటు వెళ్లలేదని తెలిసింది. ఒక ఆదివారం నేను వెళ్లాను. ఎడమ తలుపు లేదు. ముందు అద్దం సగం రాలిపోయి, డ్రైవరు వైపు సగం బీటలతో నిలిచి ఉంది. నేను గంగులుకు ఒకటే పని చెప్పాను. అతను వేరే బండి బ్యాటరీ తెచ్చి తగిలించి, లోపలికి వంగి వైపరు పుల్ల తిప్పాడు. డ్రైవరు వైపు వైపరు లేచి, బీటల మీదుగా వెళ్లి, మళ్లీ వచ్చి పడుకుంది. మళ్లీ లేచింది.

“దీనికేటయ్యింది మేస్టారూ, సుబ్బరంగా తిరుగుతంది,” అన్నాడు గంగులు. నా మొహం చూశాడు కాబోలు, వెంటనే సర్దుకున్నాడు. ఆ రోజు ఏ వైరు వదులైందో, గుద్దుడుకి మళ్లీ ఏది అతుక్కుందో తను చెప్పలేనన్నాడు. నేను సరేనన్నాను. కానీ ఆ షెడ్డులోంచి బయటకు వచ్చేసరికి నా మనసులో ఒక మాట స్థిరపడిపోయింది. గోవింద్ అబద్ధం చెబుతున్నాడు. అబద్ధం చెప్పేవాడు దేన్నో దాచడానికే చెబుతాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా అమ్మాయి మణికి ఈ సంగతి చెప్పాను. మణి ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు దానికి సైకిలు నేర్పిందీ, ఈత నేర్పిందీ గోవిందే. నాకు ఈత రాదు, సైకిలు వెనక పరుగెత్తే ఓపిక లేదు. మణి కంచం పక్కకు జరిపింది.

“మావయ్యకి అబద్ధం చెప్పాల్సిన పనేంటి నాన్నా?”

ఫోను చూస్తూ నడిపి ఉంటాడనో, మందు తాగి ఉంటాడనో నేను అనలేదు. ఏమీ అనకుండా ఊరుకున్నాను. నేను ఊరుకోవడంలో దానికి అవన్నీ వినిపించాయి. మర్నాటి నుంచి మణి మేనమామ ఫోను ఎత్తడం మానేసింది. అతను ఒకసారి ఇంటికి వచ్చాడు. మణి గది తలుపు వేసుకుని బయటకు రాలేదు. గోవింద్ వరండాలోనే నిలబడి, దాని పరీక్షలెప్పుడని నన్నడిగి, వెళ్లిపోయాడు. నేను కూర్చోమనలేదు.

అప్పటికి నాకు స్కూటరు తప్ప వేరే బండి నడపడం రాదు. కారు నేర్చుకుంటానంటే స్కూల్లో అందరూ మంచిదే అన్నారు. మణిని కాలేజీకి దింపడానికని చెప్పాను. నిజానికి డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి వానలో ఏం కనిపిస్తుందో, ఎంత దూరం కనిపిస్తుందో, అతను చెయ్యి చాపితే ఏది అందుతుందో నాకు తెలియాలి. తెలిస్తే గోవింద్‌ను ఎదురుగా కూర్చోబెట్టి అడగగలను.

అబీద్ సెంటర్ దగ్గర డ్రైవింగు స్కూలు నడిపే దేవుళ్లు దగ్గర చేరాను. అతను నాకంటే చిన్నవాడు, మాటకారి. మొదటి రోజు సీట్లో కూర్చోగానే వైపరు ఎక్కడుంటుందని అడిగాను.

“ఎవులైనా ముందు బ్రేకడుగుతారు. మీరేటండి మేస్టారూ, వైపరడుగుతన్నారు? వర్షంలో పెళ్లికెళ్లాలేటి?”

స్టీరింగుకు ఎడం పక్కనున్న పుల్ల చూపించాడు. వేలితో కిందికి ఒక మెట్టు నొక్కితే చాలు. చెయ్యి స్టీరింగు మీంచి తియ్యనక్కర కూడా లేదు. నేను దాన్ని వేసి ఆపి, వేసి ఆపి చూశాను. వాన పడుతుంటే ఏ మనిషైనా ఆలోచించకుండా చేసే పని అది. వాన మొదలవగానే చెయ్యి దానంతటదే వెళ్తుంది. చెయ్యి వెళ్లలేదంటే ఆ చేతిలో ఇంకేదో ఉండి ఉండాలి. ఫోనే ఉండి ఉండాలి. నాకు అలా నిశ్చయమైపోయింది.

పోలీసు స్టేషనులో తెలిసిన రైటరు చేత అడిగించాను. ఆ సాయంత్రం గోవింద్ తాగి లేడనీ, ఫోను సీటు వెనక సంచిలో దొరికిందనీ చెప్పారు. అది కూడా నేను నమ్మలేదు. ఆ ఊళ్లో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు పండగ లేదు. దసరా వెళ్లిన వారంలోనే నా లైసెన్సు పరీక్ష పడింది. పరీక్ష పెట్టే అధికారిని మా వైపు బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. డ్రైవింగు స్కూలు కారులోనే పరీక్ష. ఆ కారుకు దేవుళ్లు ఆయుధపూజ చేయించాడు. ముందు అద్దం మీద, సరిగ్గా మధ్యలో, పసుపూ గంధమూ కలిపి పెద్ద స్వస్తిక్ గీసి, దాని మీద అరచెయ్యంత కుంకుమబొట్టు పెట్టి ఉంది. ఎండి అట్టకట్టింది. బంతిపూల దండ కూడా ఇంకా తియ్యలేదు.

ఉదయం నుంచి మబ్బుగా ఉంది. నా వంతు వచ్చేసరికి సన్నగా జల్లు మొదలైంది. ఇన్‌స్పెక్టరు నా పక్కన కూర్చున్నారు. దేవుళ్లు వెనక ఎక్కాడు. ఆర్టీవో ఆఫీసు గేటు దాటి మలుపు తిరిగేసరికి అద్దమంతా చుక్కలు పట్టి మసకబారింది.

“మాస్టారూ, ముందు మీకేమన్నా కనిపిస్తోందా?”

కొంచెం మసకగా ఉందన్నాను.

“మరి వైపరు ఎవరు వేస్తారు, నేనా?”

నేను పుల్ల మీద వేలు పెట్టాను. వెనకనుంచి దేవుళ్లు చెయ్యి నా భుజం మీద పడింది.

“మేస్టారూ, ఒక్క నిమషం. సార్, మొన్ననే పూజయ్యిందండి. నాను బేగి దిగి గుడ్డతో సుట్టూరా తుడిసీస్తాను. వైపరొద్దనండి.”

ఇన్‌స్పెక్టరు వెనక్కి కూడా తిరగలేదు. “లైసెన్సు ఈయనకివ్వాలా, నీ బొట్టుకివ్వాలా?” అన్నారు. తర్వాత నాతో, విసుగ్గానే కానీ నవ్వుతూ, ప్రతి ఏడూ దసరా వెళ్లాక తనకిదే గోలనీ, ఈ వారంలో టెస్టుకొచ్చినవాళ్లు ఒక్కళ్లూ వైపరు వెయ్యరనీ, వెయ్యమంటే తలకాయ కిటికీలోంచి బయటపెట్టి నడుపుతారనీ చెప్పారు.

“వానే కడిగీసిందనుకోండి, అది ఏరండి,” అన్నాడు దేవుళ్లు తగ్గి. “మన సేత్తో మనవు తుడవకూడదు కదండి, పెట్టిన బొట్టు.”

నా వేలు పుల్ల మీదే ఉంది. కారు చాలా నెమ్మదిగా వెళ్తోంది. చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి కిందికి జారుతున్నాయి. కుంకుమ అంచులు కరిగి ఎర్రటి గీతలవుతున్నాయి. వేలికి ఒక్క మెట్టు పని. నేను ఆ పని వెంటనే చెయ్యలేదు. ఎంతసేపు చెయ్యలేదో నాకు తెలియదు. “మాస్టారూ,” అని ఇన్‌స్పెక్టరు గట్టిగా అంటే నొక్కాను. పసుపూ కుంకుమా అద్దమంతా పరుచుకుని, ముందు ఏమీ కనిపించకుండా పోయింది. బ్రేకు వేశాను. వైపరు ఇంకా నాలుగైదుసార్లు తిరిగాక రోడ్డు కనిపించింది.

వెనక దేవుళ్లు చెంపలు వేసుకోవడం పైనున్న చిన్న అద్దంలో చూశాను.

ఇన్‌స్పెక్టరు పాస్ చేశారు. కనబడనప్పుడు బండి ఆపారు, అది చాలు అన్నారు.

దేవుళ్లు టీ తాగుదామన్నాడు. నేను వద్దని, ఆఫీసు గోడ పక్కన రేకుల కింద నిలబడి ఫోను తీశాను. ఆ శుక్రవారం ఉదయం పుష్పవతి బలిఘట్టం నుంచి ఒక ఫోటో పంపింది. ఆమె ఉన్న ఆఖరి ఫోటో అదే. రోజూ చూస్తున్నదే. కానీ నేను చూసింది ఆమె మొహమే. ఆ మొహం వెనక కారు అద్దం ఉంది. అద్దం మీద, డ్రైవరు కళ్లకు ఎదురుగా, పెద్ద స్వస్తిక్, దాని చుట్టూ కుంకుమ. కొత్త బండికి మొదటి బొట్టు ఇంటి ఆడపడుచు పెట్టాలి. పుష్పవతి కుడిచేతి వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఇంటికి వెళ్లలేదు. షేరు ఆటో ఎక్కి నాతవరం దగ్గర అత్తగారి పల్లెకు వెళ్లాను.

మా అత్తగారు వసారాలో కూర్చుని చేటలో మినుములు బాగుచేస్తున్నారు. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచారు. భోజనం చేశారా బాబూ అని అడిగారు. గోవింద్ చేను గట్టు మీదకు వెళ్లాడట. నేను కూర్చుని నీళ్లు తాగాను. దారిలోనే నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. అబద్ధం తల్లి కోసం. ముసలావిడ వెనక సీట్లోంచి, వైపరు వెయ్యకురా, బొట్టు పోతుంది అని ఉంటుంది. వాడు విని ఉంటాడు. ఆ మాట బయటకు రాకుండా తల్లీ కొడుకూ కూడబలుక్కున్నారు. ఇప్పుడు నాకు ఒకరి మీద కాదు, ఇద్దరి మీద కోపం ఉంది.

“అత్తయ్యా, ఆ రోజు వైపరు ఆగిపోలేదు. గోవింద్ వెయ్యలేదు. అద్దం మీద బొట్టుందని మీరు వద్దన్నారు. అవునా?”

ఆవిడ చేటను కింద పెట్టారు.

“నానని ఉంటే బాగున్ను బాబూ,” అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పారు. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ, ముందు చెప్పాల్సింది వెనక చెబుతూ. ఊరి పొలిమేర దాటగానే వాన అందుకుంది. గోవింద్ వైపరు వెయ్యబోయాడు. పుష్పవతి నవ్వుతూ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

“ఒరే, నాను పెట్టిన బొట్టు నా కళ్లముందే తుడిసీస్తావేట్రా అన్నాది. మీ బావ పూజకి రాలేదు, ఇంటికెల్లి ఆయనకి సూపించాల, అందాకా ఉండనీ అన్నాది. వానే కడిగీస్తే కడిగీనీ, నువ్వు తుడవకు అన్నాది. ఆడు సరేనని మెల్లగానే తోలినాడు బాబూ. మెల్లగానే తోలినాడు. తర్వాత వాన పెద్దదైపోనాది.”

ఆవిడ మళ్లీ అన్నారు. “అమ్మ వద్దన్నాదని నా మీదెట్టీరా, ముసల్దాన్ని, నన్నేటి సేస్తారు అన్నాను. ఆడు ఇన్లేదు.”

గోవింద్ గుమ్మంలోకి వచ్చి ఎంతసేపైందో చూడలేదు. పార భుజం మీద ఉంది. కాళ్లకు బురద. కట్టు విప్పేసిన చెయ్యి కొంచెం వంకరగా ఉంది. తల్లిని చూశాడు, నన్ను చూశాడు.

“సెప్పీసావేటి,” అన్నాడు తల్లితో. గట్టిగా కాదు.

పార గోడకు ఆనించి, నాకు ఎదురుగా గచ్చు మీద కూర్చున్నాడు. మొట్టమొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

“స్టీరింగు నా సేతిలో ఉంది బావా. అక్క సేతిలో నేదు. అక్క ఏటన్నా నాను ఎయ్యాలి. ఎయ్యలేదు. తప్పు నాదే. పోయిన మనిషి పేరు మజ్జిలో ఎందుకని.”

నేను అడగాలనుకుని వెళ్లిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మిగల్లేదు. అత్తగారు లోపలికి వెళ్లి అన్నం వడ్డించారు. ఇద్దరం తిన్నాం. పాసయ్యానా అని గోవింద్ అడిగితే పాసయ్యానన్నాను. నేను లేచేటప్పుడు ఆటో దాకా వచ్చాడు.

“మణి ఫోనెత్తదు బావా,” అన్నాడు. “ఎత్తకపోతే పోనీండి. దానికి మాత్రం ఇది సెప్పకండి. అమ్మ మాట వల్లే అమ్మ పోయిందని ఆ పిల్లకి ఎందుకు. నా మీదే ఉండనీండి.”

ఆటో కదిలాక తిరిగి చూశాను. అతను రోడ్డు మీదే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మణి వంట చేసి ఉంచింది. లైసెన్సు వచ్చినట్టేనా అని అడిగింది. వచ్చినట్టే అన్నాను. ఇంత ఆలస్యమెందుకైందంటే, అమ్మమ్మ దగ్గరకు వెళ్లానన్నాను. దాని చెయ్యి గరిటె మీద ఆగింది.

“ఏమైనా చెప్పారా? వైపరు గురించి?”

నేను కాళ్లు కడుక్కుని వస్తానన్నాను. వచ్చాక అది మళ్లీ అడగలేదు. నేను ఇదివరకు ఊరుకున్నప్పుడు ఎలా విందో, ఇప్పుడూ అలాగే వినివుంటుంది. గోవింద్ తాగాడనో, ఫోను చూశాడనో ఈసారి రుజువైపోయిందని అనుకుని ఉంటుంది. కాదు అని చెప్పాలంటే ఆ తర్వాతి మాట కూడా చెప్పాలి. చెప్పకపోతే దానికి మేనమామ లేడు. చెబితే, నవ్వుతూ తమ్ముడి చెయ్యి పట్టుకున్న తల్లిని అది జీవితమంతా తలుచుకోవాలి.

కార్తీకం వచ్చేసింది. గోవింద్ ఆదివారాలు ఫోను చేస్తూనే ఉన్నాడు. బల్ల మీద మోగి మోగి ఆగిపోతుంది. మణి చూసి ఊరుకుంటుంది. మణికి నేను ఇంకా చెప్పలేదు.